ఎల్‌ఓసీ (నియంత్రణ రేఖ) వెంట కాల్పుల విరమణ ఉల్లంఘనలు: ఒక్కో ఘటనను ఎలా నమోదు చేయాలి?

(ఇది ఒక చర్చ. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

రేఖాలెక్క

2018లో 2,140. 2019లో 3,479. 2020లో 5,133. జమ్మూకశ్మీర్‌లో పాకిస్తాన్ కాల్పుల విరమణను ఉల్లంఘించిన ఘటనలంటూ కేంద్రం 2021 ఫిబ్రవరిలో పార్లమెంటుకు చెప్పిన అంకెలివి. అదే 2020కి పాకిస్తాన్ మన మీద మోపిన లెక్క మూడు వేల పైచిలుకు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఫలానా రాత్రి ఫలానా చోట జరిగింది ఏ లెక్కలో ఎలా ఎక్కిందో చూద్దామంటే కుదరదు. మన చేతికి అందేవి మొత్తాలే, ఘటనల వారీ పట్టికలు కావు.

పత్రికా వార్తలు, గ్రామస్థుల వీడియోలు, అధికారిక ప్రకటనలు కలిపి, బహిరంగంగా దొరికే సమాచారంతో ఒక పట్టిక కట్టే పనిలో ఉన్నాం. ఇప్పటికి ఆరు కాలమ్‌లు ఉన్నాయి: తేదీ, సమయం, సెక్టార్, ఆయుధం, ప్రాణనష్టం, ఎవరు కాల్చారు. ఏది తీసెయ్యాలి, ఏది చేర్చాలి? పూంచ్, రాజౌరీ, ఉరి వైపు నుంచి సమాచారం ఎక్కువగా వస్తోంది.

పరిశీలన_పట్టిక

"ఎవరు కాల్చారు" అన్న కాలమ్‌ను ముందు తీసేయండి. అది చూసిన విషయం కాదు, చూసినదాన్ని బట్టి కట్టిన తీర్పు. రేఖకు ఒకవైపే ఉన్న మనిషికి తన వైపు ఏం పడిందో తెలుస్తుంది. అవతల అంతకు ముందు ఏం పడిందో తెలియదు.

ఈ పనికి బాగా పనికొచ్చే నమూనా తూర్పు ఉక్రెయిన్‌లో 2014 మార్చి నుంచి 2022 మార్చి దాకా పనిచేసిన ఓఎస్‌సీఈ (ఐరోపా భద్రత, సహకార సంస్థ) పర్యవేక్షణ బృందానిది. వాళ్ల రోజువారీ నివేదికకు ఒక పట్టిక జతచేసేవారు. అందులో ఒక్కో వరుసకు ఉండేవి ఇవి: పరిశీలకుడు లేదా కెమెరా ఉన్న చోటు, ఘటన జరిగిన చోటు (ఉదాహరణకు "ఆగ్నేయాన 2 నుంచి 4 కి.మీ."), ఎలా తెలిసింది (విన్నారా, చూశారా, కెమెరాలో పడిందా), ఎన్ని, ఏమిటి (పేలుడా, వరస కాల్పులా, ఒంటి తూటానా), దాని తీరు (ఇక్కణ్నుంచి పోయిందా, ఇటు వచ్చిందా, పడిందా, తేలలేదా), ఆయుధం, తేదీ, సమయం.

రెండు గమనించండి. ఒకటి, పరిశీలకుడి చోటు, ఘటన చోటు వేర్వేరు కాలమ్‌లు. మన వార్తల్లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. పూంచ్ జిల్లా మెంఢర్ గురించి "మెంఢర్‌లో భారీ పేలుళ్లు" అని రాస్తారు. మెంఢర్‌లో వినబడ్డాయా, మెంఢర్‌లో పడ్డాయా? రెండు, "తేలలేదు", "తెలియదు" అన్నవి అక్కడ దర్జాగా రాయదగ్గ విలువలు. ఆయుధం కాలమ్‌లో ఎక్కడా "తెలియదు" లేని పట్టిక కనిపిస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది. చీకట్లో, రెండు కొండల అవతల పేలినదాన్ని ప్రతిసారీ 120 మి.మీ. మోర్టారు (గుండును ఎత్తుగా విసిరే గొట్టపు ఆయుధం) అని చెప్పగలిగేవారు ఉండరు.

రేఖాలెక్క

మరి "ఒక ఉల్లంఘన" అంటే దేన్ని లెక్కపెట్టాలి? అసలు చిక్కంతా అక్కడే ఉంది.

పరిశీలన_పట్టిక

మూడు కొలమానాలు ఉన్నాయి. పేలుళ్ల సంఖ్య ఒకటి, విడత (పెద్ద విరామం లేకుండా సాగిన కాల్పులు) ఒకటి, సెక్టార్-రోజు (ఒక సెక్టార్‌లో ఒక రోజు) ఒకటి. ఒకే రాత్రి ఒక పోస్టు మీద 40 గుండ్లు పడితే మొదటి లెక్కలో 40, రెండో లెక్కలో మధ్యలో విరామాన్ని బట్టి 1 నుంచి 3, మూడో లెక్కలో 1. ఓఎస్‌సీఈ లెక్కించింది పేలుళ్లను, తూటాలను, వరసలను. అందుకే వాళ్ల అంకెలు వారానికి వేలల్లో ఉండేవి. వాటిని మన ఏడాది లెక్కతో పోల్చి "అక్కడ ఇన్ని రెట్లు ఎక్కువ" అని రాసినవాళ్లు కొలమానమే మర్చిపోయారు.

నా సూచన: దొరికినంత చిన్న కొలమానంలో నమోదు చేసి, విడతను తర్వాత లెక్కగట్టండి. ఒకే చోట 30 నిమిషాలు నిశ్శబ్దం ఉంటే విడత ముగిసినట్టు అని ఒక నియమం పెట్టుకోవచ్చు. ఆ 30కి పవిత్రత ఏమీ లేదు. 15 పెట్టినా 60 పెట్టినా ఫలితం ఎంత మారుతుందో చూపించగలగాలి. మూల వరుసలు ఉంటేనే అది సాధ్యం. ముందే విడతలుగా కుదించి రాసుకుంటే తిరిగి విడదీయలేరు.

2025 ఏప్రిల్ 24 రాత్రి నుంచి వరసగా వచ్చిన సైన్యం ప్రకటనలు చూడండి. కుప్వారా, బారాముల్లా, పూంచ్, రాజౌరీ, మెంఢర్, నౌషెరా, సుందర్‌బనీ, అఖ్నూర్‌లకు ఎదురుగా ఉన్న పాకిస్తాన్ పోస్టుల నుంచి చిన్న ఆయుధాలతో కాల్పులు జరిగాయని కొన్ని రోజులు ఒక్క వాక్యంలో చెప్పేవారు. అది ఒక ఉల్లంఘనా, ఎనిమిదా? ఈ ప్రశ్నకు మీ సమాధానం కోడ్ పుస్తకంలో (నమోదు నియమాల పత్రంలో) మొదటి పేజీలోనే ఉండాలి.

ధ్వని_దూరం

గ్రామాల నుంచి వచ్చేది ఎక్కువగా విన్న సాక్ష్యమే కాబట్టి దాని సంగతి చెబుతాను.

మెరుపు కనబడిన క్షణానికీ మోత వినబడిన క్షణానికీ మధ్య సెకన్లను ధ్వని వేగంతో గుణిస్తే దూరం వస్తుంది. వేగం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు 343 మీటర్లు, సున్నా డిగ్రీల దగ్గర 331. డిగ్రీకి 0.6 మీటర్ల తేడా. జనవరిలో ఉరి లోయలో రాత్రి పూట 343 వాడితే మూడున్నర శాతం దాకా ఎక్కువ దూరం చూపిస్తుంది. అదేం పెద్ద దోషం కాదు. పెద్ద దోషం మనిషి లెక్కించడంలో ఉంటుంది. నోటితో "ఒకటి, రెండు" అని లెక్కపెడితే అర సెకను అటూ ఇటూ ఖాయం. అంటే 170 మీటర్లు.

వీడియో ఉంటే చాలా మెరుగు. మెరుపు మొదట కనబడిన ఫ్రేము, శబ్ద తరంగంలో మొదటి శిఖరం, ఈ రెండింటి మధ్య ఫ్రేములు లెక్కపెట్టండి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో 72 ఫ్రేములు ఉంటే 2.4 సెకన్లు, అంటే సుమారు 820 మీటర్లు. కొన్ని ఫోన్లు వెలుతురు తక్కువైనప్పుడు ఫ్రేముల వేగాన్ని తగ్గిస్తాయి. ఫైల్‌లో ప్రతి ఫ్రేముకూ ఉన్న కాలముద్ర చూడాలి గానీ 30 అని ఊహించకూడదు. మళ్లీ ఎక్కించిన వీడియోల్లో బొమ్మకూ శబ్దానికీ పొందిక చెదిరి ఉండొచ్చు. మూల ఫైల్ లేకుండా ఈ లెక్క వద్దు.

ఇక ఎక్కువగా జరిగే తప్పులు. లోయల్లో ప్రతిధ్వని వల్ల ఒక పేలుడు రెండుగా, మూడుగా లెక్కకెక్కుతుంది. ప్రతిధ్వని అయితే ప్రతి పేలుడు తర్వాతా ఇంచుమించు అంతే వ్యవధిలో, తక్కువ బలంతో, మొద్దుగా వస్తుంది. శబ్ద తరంగాన్ని తెరిచి చూస్తే ఆ సమాన వ్యవధి కళ్లకు కడుతుంది. రైఫిల్, మెషిన్ గన్ తూటాలు ధ్వని కంటే వేగంగా పోతాయి కాబట్టి ముందు చిటపటమన్న చప్పుడు, ఆ తర్వాత తుపాకీ మోత వినబడతాయి. మొదటి చప్పుడు పుట్టేది తూటా పోయే దారి నుంచి, తుపాకీ నుంచి కాదు. దాన్నిబట్టి దిక్కు చెప్పినవాళ్లు తరచూ తప్పు దిక్కు చెబుతారు. పైగా ఒక్కో తూటాకూ రెండు చప్పుళ్లు కాబట్టి సంఖ్య రెట్టింపవుతుంది.

మోర్టారు అయితే గొట్టం దగ్గర దభీమని మందపాటి మోత, సాధారణంగా 15 నుంచి 40 సెకన్ల తర్వాత పడినచోట పేలుడు. విన్న మనిషి రెంటినీ కలిపి "రెండు పేలుళ్లు" అంటాడు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "రెండు చప్పుళ్లూ ఒకేలా ఉన్నాయా?" రాత్రి నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చగాలి ఉన్నప్పుడు శబ్దం మామూలు కంటే చాలా దూరం పోతుంది. తాజా మంచు కప్పిన నేల శబ్దాన్ని మింగేస్తుంది. ఫోన్లు శబ్ద తీవ్రతను తమంతట తామే సర్దుతాయి. అందుకే "చాలా గట్టిగా వినబడింది, దగ్గరే అయ్యుంటుంది" అన్నది దూరానికి ఆధారం కాదు.

సమయపాలకుడు

చిన్న మాట, కానీ దీనివల్ల పాడైన పట్టికలు చాలా ఉన్నాయి. మన సమయం యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) 5:30 ముందు, పాకిస్తాన్‌ది 5:00. సరిగ్గా అరగంట తేడా. రెండు దేశాల వార్తల్నీ ఒకే కాలమ్‌లో పోస్తే ఒకే ఘటన రెండుగా కనబడుతుంది, లేదా రెండు వేర్వేరు ఘటనలు ఒకటిగా కలిసిపోతాయి. మూలంలో ఉన్న సమయం ఉన్నదున్నట్టు ఒక కాలమ్‌లో, యూటీసీ ఇంకో కాలమ్‌లో పెట్టండి.

2025 మే 10నే తీసుకోండి. రెండు సైన్యాల డీజీఎంఓలు (సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్స్) మాట్లాడుకున్నది మన సమయం 15:35కి. కాల్పులు ఆగాల్సింది 17:00కి. అంటే అక్కడ 16:30, యూటీసీ 11:30. ఆ సాయంత్రం నాటి ఘటన విరమణకు ముందుదా తర్వాతదా అన్నది ఈ అరగంట మీదే తేలుతుంది. "సాయంత్రం అయిదు ప్రాంతంలో" అని ఉన్న ఎంట్రీని ఉల్లంఘనగా లెక్కించకండి. దానికి "అనిశ్చితం" అని ఇంకో విలువ పెట్టండి.

గుంత_కొలత

గుండు పడ్డ గుంతను చదవడం గురించి. బాంబు నిర్వీర్య దళం వచ్చి "సరే" అన్న తర్వాతే ఇదంతా. అంతకు ముందు ఎవరూ దగ్గరకు పోకూడదు.

తాజా మోర్టారు గుంతలో వదులు మట్టిని జాగ్రత్తగా తీస్తే అడుగున మాడిన గట్టి పొర కనబడుతుంది. మోర్టారు ఉన్న వైపు అంచు దగ్గర గడ్డి చెక్కేసినట్టుంటుంది, శకలాలు గీసిన చారలు ఉంటాయి. అవతలి అంచు కింద మట్టి తొలిచినట్టుంటుంది. చారలు పేలిన బిందువు నుంచి అన్ని వైపులా పరుచుకుంటాయి. మోర్టారు వైపు ఉన్న చారల కొసలన్నీ కలిపితే దాదాపు ఒక సరళరేఖ వస్తుంది. గుండు వచ్చిన దారి ఆ రేఖకు లంబంగా ఉంటుంది. పేలిన బిందువుకు ముందు వైపు నేలలోకి ఫ్యూజ్ (గుండు కొసన ఉండే, దాన్ని పేల్చే భాగం) దిగిన చిన్న సొరంగం దొరికితే ఇంకా మంచిది. కానీ మన పనికి ఆ సొరంగంలో కర్ర పెట్టి కొలవాల్సిన అవసరం లేదు. పైనుంచి తీసిన ఫోటో, చారల రేఖ చాలు.

కొలిచేటప్పుడు గుంత పొడవు, వెడల్పు, లోతు టేపుతో తీసుకోండి. స్కేలు పెట్టి పైనుంచి ఒకటి, నాలుగు దిక్కుల నుంచి ఒక్కొక్కటి, చుట్టుపక్కల గుర్తులు కనబడేలా దూరం నుంచి ఒకటి ఫోటో తీయండి. దిక్సూచి చూపిన అంకెను అలాగే రాసి, అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ తేడాను వేరే కాలమ్‌లో సవరించండి. ఆ ప్రాంతంలో అది సుమారు 3 డిగ్రీలు తూర్పుకు. ఇనుప రేకుల కప్పు పక్కన, వాహనం పక్కన నిలబడి దిక్సూచి చూస్తే ఈ 3 డిగ్రీల సవరణ హాస్యాస్పదం అయిపోతుంది. అయిదారు అడుగులు జరగండి.

ఇప్పుడు హద్దులు. గుంత ఇచ్చేది ఒక దిక్కు, ఒక గీత మాత్రమే. తుపాకీ ఆ గీత మీద ఎక్కడుందో గుంత చెప్పదు. ఒకే చోటి నుంచి వచ్చిన గుండ్ల గుంతలు దగ్గరదగ్గరగా ఉంటే గీతలు దాదాపు సమాంతరంగా పోతాయి. వాటి ఖండన బిందువు నాలుగయిదు కిలోమీటర్లు ఇట్టే జరిగిపోతుంది. వాలు నేల మీద గుంత ఆకారం వాలు వైపు సాగుతుంది. ఎల్‌ఓసీ వెంట చదును నేల ఎంత ఉంది? అందుకే వాలు గుంతలన్నింటికీ "దిక్కు విశ్వసనీయత తక్కువ" అని రాయండి. కాంక్రీటు, మంచు, బండరాయి మీద పడ్డవాటికి దిక్కు రాయకండి. ఒక మంచి వాన పడితే చారలు చెరిగిపోతాయి.

ఆయుధం సంగతి. మోర్టారు గుండు తోక భాగం చాలాసార్లు దాదాపు చెక్కుచెదరకుండా దొరుకుతుంది. దాని కొలతా, రెక్కల సంఖ్యా రకాన్ని సూచిస్తాయి. కానీ 81 మి.మీ., 120 మి.మీ. మోర్టార్లు రెండు సైన్యాల దగ్గరా ఉన్నాయి. 130 మి.మీ. ఫిరంగి కూడా రెండు వైపులా ఉంది. కాబట్టి ఆయుధం పేరు చూసి ఎవరిదో చెప్పలేం. శకలం మీద ముద్రించిన లాట్ (తయారీ విడత) అంకెలను ఉన్నచోటే ఫోటో తీయాలి. ఇంటికి తెచ్చి టేబుల్ మీద పెట్టి తీసిన ఫోటోకు విలువ సగం పోతుంది.

భద్రత_మొదట

గుంత_కొలత గారూ, మీరు చెప్పిన విషయంతో పేచీ లేదు. కానీ ఈ పట్టిక పని చేసేది సైనికులు కాదు. గ్రామ వాలంటీరు ఇది చదివి టేపు పట్టుకుని బయల్దేరితే? నా మాట: వాలంటీర్ల సూచనల పత్రంలో గుంత విశ్లేషణ అసలు ఉండకూడదు. దారిలో నిలబడి తీసిన ఫోటో చాలు.

కారణాలు చెబుతాను. పేలని గుండు సగం మట్టిలో ఉండి పక్కనే కనబడకుండా ఉండొచ్చు. సరిహద్దు కంచె దగ్గరి వాలుల్లో మందుపాతరలు వానలకు జారి, గుర్తు పెట్టిన చోటు నుంచి కిందికి కొట్టుకొస్తాయి. నిన్న నడిచిన దారి వాన తర్వాత సురక్షితం అనుకోవడానికి లేదు. పేలనిది కనబడితే చేయాల్సింది: ముట్టుకోవద్దు, అక్కడే ఆగాలి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవాలి, పిల్లల్ని దూరం పెట్టాలి, పోలీసులకు చెప్పాలి. మొబైల్‌లో కాల్ కూడా బాగా వెనక్కి వచ్చాకే.

ఇంకొకటి, నా లెక్కలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. గుండ్లు పడుతూ ఉండగా ఎక్కడ పడిందో ఫోటోతో, కచ్చితమైన చోటుతో సోషల్ మీడియాలో పెడితే అవతలి గన్నర్‌కు గురి సరిచేసుకోవడానికి కావాల్సిన సమాచారం మనమే చేతికిచ్చినట్టు. "పాఠశాలకు 50 మీటర్లు ఎడమగా పడింది" అన్న వాక్యం ఎవరికి పనికొస్తుందో ఆలోచించండి. ప్రచురణకు కనీసం కొన్ని రోజుల ఆలస్యం, చోటును గ్రామం స్థాయికి మసకబార్చడం, రెండూ ఉండాలి. కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు తాళం వేసిన కాపీలోనే. మన పోస్టులు, బంకర్లు, వాహనాలు పడిన ఫోటోలు అసలు తీసుకోకండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. సరిహద్దు పట్టీలో డ్రోన్ ఎగరేయడం కూడా అనుమతి లేకుండా నేరం.

గుంత_కొలత

ఒప్పుకుంటున్నాను. రెండు పత్రాలు పెడదాం. వాలంటీరుకు ఫోటో సూచనలు మాత్రమే. గుంత చదివే భాగం ఫోటోలు చూసే విశ్లేషకుడి పత్రంలో ఉండాలి. దారిలోంచి తీసిన ఫోటోలో చారలు కనబడకపోతే "దిక్కు: తెలియదు" అని రాసి వదిలేద్దాం. ఆ ఖాళీ కోసం ఎవరి ప్రాణమూ పణంగా పెట్టక్కర్లేదు.

దస్త్రం

కాగితం మీది ఆధారాల గురించి ఎవరూ చెప్పలేదు. గుండు ఇంటి మీద పడితే ప్రభుత్వంలో కనీసం మూడు నాలుగు చోట్ల జాడ మిగులుతుంది: పోలీసు ఎఫ్‌ఐఆర్, తహసీల్దారు నష్టం జాబితా (కింది స్థాయిలో పట్వారీ, అంటే గ్రామ రెవెన్యూ ఉద్యోగి రాసింది), ఆసుపత్రి మెడికో లీగల్ పత్రం (గాయాల గురించి పోలీసు కేసు కోసం వైద్యుడు రాసేది), పశువు చనిపోతే పశువైద్యుడి పోస్టుమార్టం. సరిహద్దు కాల్పుల్లో చనిపోయిన పౌరుడి కుటుంబానికి కేంద్ర పథకం కింద రూ. 5 లక్షల సాయం ఉంది. దానికోసం ఈ కాగితాలు పుడతాయి. ఎఫ్‌ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, సంవత్సరం కలిపితే వార్తలన్నిటినీ ముడివేసే తాళం చెవి దొరికినట్టే.

చిక్కులు ఉన్నాయి. ఎఫ్‌ఐఆర్‌లో ఉండేది ఫిర్యాదు సమయం. ఘటన సమయం లోపలి కథనంలో ఎక్కడో ఉంటుంది. రెంటినీ వేర్వేరుగా తీయాలి. గాయపడినవాళ్లు రాజౌరీ ఆసుపత్రి నుంచి జమ్మూకు పోయి వారం తర్వాత చనిపోతే, వార్తల్లో అది కొత్త మరణంగా కొత్త తేదీతో వస్తుంది. మరణాన్ని ఎప్పుడూ మొదటి ఘటన వరుసకే కట్టండి. చనిపోయిన తేదీకి వేరే కాలమ్ ఉండాలి. పేర్లు బయటి కాపీలో వద్దు, అంతర్గత సంకేతం చాలు.

నష్టపరిహారం జాబితా ఒకవైపు మొగ్గిన ఆధారం అని కూడా గుర్తుంచుకోండి. ఇల్లు కూలితే నమోదవుతుంది. అడవిలో పడ్డ వంద గుండ్లు నమోదు కావు. జనం ఖాళీ చేసి వెళ్లిన ఊళ్లో నష్టం చాలా రోజుల తర్వాత, తిరిగొచ్చాక రాస్తారు. ఆ తేదీ చూసి ఆ రోజు కాల్పులు జరిగాయనుకోవద్దు.

చోటు పేర్లు ఇంకో తలనొప్పి. కృష్ణా ఘాటీ సెక్టార్, నౌషెరా సెక్టార్ అన్నవి సైన్యం విభజనలు. తహసీల్ హద్దులతో అవి సరిపోవు. ఒకే ఊరిని హిందీ వార్త ఒకలా, ఉర్దూ వార్త ఇంకోలా, ఇంగ్లిష్ వార్త మరోలా రాస్తాయి. 2011 జనగణన గ్రామ కోడ్ ఆధారంగా పెట్టుకుని, దాని పక్కన మూలంలో ఉన్న పేరు అక్షరం మార్చకుండా ఉంచండి.

పైనుంచి_చూపు

ఉపగ్రహాల మీద ఆశలు అతిగా పెట్టుకోవద్దని చెప్పడానికి వచ్చాను. ఐరోపా ఉపగ్రహాలు సెంటినెల్-2 చిత్రాలు ఉచితం, అయిదు రోజులకోసారి వస్తుంది, కానీ ఒక పిక్సెల్ 10 మీటర్లు. మోర్టారు గుంత అందులో కనబడదు. తగలబడిన ఇల్లు, కాలిన కొండవాలు కనబడతాయి. గుంతలు చూడాలంటే 30 నుంచి 50 సెం.మీ. వాణిజ్య చిత్రాలు కావాలి. పీర్ పంజాల్ మీద వానాకాలంలో మబ్బులు, చలికాలంలో మంచు, లోయల్లో కొండ నీడ. మూడూ దాటుకుని వచ్చిన చిత్రం దొరకడం అదృష్టం.

మంటలను చూపే నాసా సేవ ఎఫ్‌ఐఆర్‌ఎంఎస్‌లో, వీఐఐఆర్‌ఎస్ అనే ఉపగ్రహ పరికరం పట్టిన వేడి చుక్కలు 375 మీటర్ల స్థాయిలో వస్తాయి. ఆ ఉపగ్రహాలు స్థానిక సమయం ఒంటిగంటన్నర ప్రాంతంలో పగలొకసారి, రాత్రొకసారి పోతాయి. పేలుడును అవి పట్టవు, పేలుడు తర్వాత గంటల తరబడి మండేదాన్ని పడతాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎల్‌ఓసీ అడవుల్లో మామూలు మంటలు కూడా ఎక్కువే. అందుకే వేడి చుక్క ఒక్కదానితో వరుస తెరవకండి. ఇప్పటికే ఉన్న వరుసకు బలం చేకూర్చడానికే వాడండి.

వీడియో ఎక్కడిదో తేల్చడానికి కొండ అంచు గీతను ఎత్తుపల్లాల నమూనాతో పోల్చడం ఆ ప్రాంతంలో అద్భుతంగా పనిచేస్తుంది. గుర్తుపట్టదగ్గ శిఖరాలు ప్రతి దిక్కునా ఉన్నాయి. పగటి వీడియో అయితే నీడ దిక్కును బట్టి సమయం కూడా తేలుతుంది. "ఈరోజు పూంచ్" అని తిరిగే వీడియోల్లో పాతవి ఎన్నో ఉంటాయి. చెట్ల ఆకులు, మంచు, కప్పుల రంగు ముందు చూడండి.

సాక్ష్యాధారం

ఫైళ్ల గురించి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలోంచి చోటు, సమయం వివరాలు పోతాయి, బొమ్మ కూడా కుదించబడుతుంది. డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి. చేతికందిన నిమిషంలోనే షా-256 హ్యాష్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంకేతం) తీసి, ఎవరి నుంచి ఎప్పుడు ఏ మార్గంలో వచ్చిందో రాసి, మూల ఫైల్‌ను చదవడానికి మాత్రమే వీలయ్యే చోట దాచండి. కోతలు, వెలుతురు పెంచడాలు అన్నీ నకలు మీదే.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం అడుగుతుంది. ఆ పత్రం నమూనాలో హ్యాష్ విలువ రాసే చోటు కూడా ఉంది. మీరు కోర్టుకు పోయే ఉద్దేశం లేకపోయినా ఆ నమూనా అడిగే వివరాలు మొదటి రోజే రాసుకుంటే, పదేళ్ల తర్వాత ఏ కుటుంబానికైనా అవసరమైనప్పుడు ఆ ఫైల్ పనికొస్తుంది.

పటం ప్రచురిస్తే సర్వే ఆఫ్ ఇండియా హద్దులే వాడండి. దానికి భిన్నంగా దేశ పటం ప్రచురిస్తే ఆరు నెలల దాకా జైలు శిక్ష ఉంది.

హద్దురాయి

"ఎల్‌ఓసీ" అని ఒక్క పేరుతో అన్నిటినీ కలపకండి. సుమారు 740 కి.మీ. నియంత్రణ రేఖ వేరు. దానికి దక్షిణాన జమ్మూ, సాంబా, కఠువా వైపు మనం అంతర్జాతీయ సరిహద్దు అనేది, పాకిస్తాన్ వర్కింగ్ బౌండరీ అనేది వేరు. నియంత్రణ రేఖ ఉత్తర కొస అయిన ఎన్‌జే 9842 బిందువు దాటాక సియాచిన్ వైపు ఉన్న వాస్తవ స్థితి రేఖ వేరు. 2003 నవంబర్ విరమణ ఈ మూడింటికీ వర్తించింది. జమ్మూ వైపు అంతర్జాతీయ సరిహద్దు పక్కనున్న ఆర్నియా దగ్గర కాల్పులను ఎల్‌ఓసీ ఖాతాలో వేస్తే పాకిస్తాన్ జాబితాతో పోల్చేటప్పుడు అడ్డం తిరుగుతుంది. రేఖ రకం ఒక కాలమ్‌గా ఉండాలి.

కంచె కూడా రేఖ కాదు. కంచెకు ముందు, రేఖకు ఇటువైపే మన ఊళ్లు ఉన్నాయి. "కంచె దాటి పడింది" అన్నది "రేఖ దాటి పడింది" కాదు.

ఐక్యరాజ్య సమితి పరిశీలకుల బృందం 1949 జనవరి నుంచి అక్కడ ఉంది. ఆ ఏడాది జులై 27 నాటి కరాచీ ఒప్పందంలో సైన్యాలు కాల్పుల విరమణ రేఖకు 500 గజాల దూరంలో ఉండాలన్న నిబంధన ఉండేది. అంటే అప్పట్లో ఉల్లంఘన అంటే కాల్పులొక్కటే కాదు. 1972 నుంచి భారత్ ఆ బృందానికి ఫిర్యాదులు ఇవ్వడం మానేసింది, సిమ్లా ఒప్పందంతో ఇది ద్వైపాక్షికం అయిందన్నది మన వైఖరి. పాకిస్తాన్ ఇస్తూనే ఉంది. కాబట్టి "ఐరాసకు అందిన ఫిర్యాదులు" అన్న అంకె ఎక్కడ కనబడినా అది ఒకే వైపు నుంచి వచ్చినదని పక్కనే రాయండి.

ఘటన రకానికి కూడా కాలమ్ పెట్టండి: చిన్న ఆయుధాలు, మోర్టారు, ఫిరంగి, స్నైపింగ్, డ్రోన్, నిర్మాణం, మనుషుల చొరబాటు. డ్రోన్ కనబడటం, డ్రోన్ పేలుడు పదార్థం వేయడం, డ్రోన్‌ను మన వాళ్లు కూల్చడం మూడూ మూడు. 2025 మే తర్వాత ఈ తేడా లేని పట్టిక చదవడానికి పనికిరాదు.

రేఖాలెక్క

అందరికీ కృతజ్ఞతలు. ఆరు కాలమ్‌లు ఇప్పుడు ఇరవై దాటాయి. "ఎవరు కాల్చారు" తీసేసి, "ఎవరు ఆరోపించారు", "ఎవరి మీద" అని రెండు పెట్టాం. "కవ్వింపు లేకుండా", "దీటుగా జవాబిచ్చారు" లాంటి మాటలు మూలవాక్యం కాలమ్‌లో తప్ప ఎక్కడా ఉండవు. ప్రతి వార్తనూ ఇద్దరు విడివిడిగా కోడ్ చేస్తారు, తేడా వస్తే మూడో మనిషి చూస్తారు.

మిగిలిన ప్రశ్న: కాల్పుల విరమణ పాటిస్తామని 2021 ఫిబ్రవరి 25న భారత్, పాకిస్తాన్ చేసిన సంయుక్త ప్రకటన తర్వాత నెలల తరబడి ఏ ఎంట్రీ లేదు. ఆ రోజులకు సున్నా వేయాలా?

పరిశీలన_పట్టిక

సున్నా వేయాలంటే ఆ రోజు ఎవరో చూస్తూ ఉండాలి. చూసి ఏమీ కనబడకపోవడం సున్నా. ఎవరూ చూడకపోవడం ఖాళీ. ఓఎస్‌సీఈ వాళ్లు ఏ కెమెరా పనిచేయలేదో, పరిశీలకులను ఏ చెక్‌పోస్టు దగ్గర ఆపారో కూడా ప్రతి రోజూ రాసేవారు. మీరూ రోజువారీ ఇంకో చిన్న పట్టిక నడపండి: ఏ జిల్లాలో ఆ రోజు ఎన్ని మూలాలు చదివారు, ఏ వాలంటీరు అందుబాటులో ఉన్నారు, ఎక్కడ ఇంటర్నెట్ ఆపేశారు. 2019 ఆగస్టు 5 తర్వాత కశ్మీర్‌లో సమాచార మార్గాలు మూసిన కాలానికి గ్రామాల నుంచి వీడియోలు తగ్గాయి. దాన్ని కాల్పులు తగ్గినట్టు చదివితే ఘోరమైన పొరపాటు.

దస్త్రం

ఇంకొక్కటి చేర్చండి. ఎనిమిది చోట్ల ప్రకటన ఒకటే వాక్యం కదా. దాన్ని ఎనిమిది వరుసలుగా విడదీస్తే ఎనిమిదింటికీ ఒకే మూల సంఖ్య ఇవ్వండి, "విడదీసినది" అని గుర్తు పెట్టండి. రేపు పూంచ్ నుంచి ఆ రాత్రికే వీడియో దొరికితే కొత్త వరుస తెరవకుండా ఆ పూంచ్ వరుసకే జోడించొచ్చు. దిద్దిన ప్రతిసారీ పాత విలువ చెరపకుండా, తేదీతో, దిద్దినవారి సంకేతంతో కింద ఉంచండి. సైన్యం మర్నాడు ప్రకటన సవరించిన సందర్భాల్లో మొదటి ప్రకటన కూడా ఆధారమే.